మూత మీద బొటనవేలు

ఇంకా బుడగలు వస్తూనే ఉన్నాయి. రేడియేటర్ మూతి దగ్గర నిలబెట్టిన గరాటులో ఆకుపచ్చ కూలెంట్ సగం దాకా ఉంది. అడుగున ఎక్కడో పుట్టిన ఒక్కొక్క బుడగ తొందరేమీ లేనట్టు పైకొచ్చి, ఓ క్షణం గుండ్రంగా నిలబడి, పగిలిపోతోంది. కోడలు చిన్న స్టూలు మీద ముందుకు వంగి కూర్చుని కళ్ళార్పకుండా వాటినే చూస్తోంది. ఇంజిన్ స్లోలో తిరుగుతోంది, కారు లోపల హీటర్ పూర్తిగా తిప్పి ఉంది, ఎడమ చేత్తో అప్పుడప్పుడూ కింది హోస్ పైపును పిసుకుతోంది. ఈ పనికి తొందర పనికిరాదు. ఇంజిన్ వేడెక్కాలి, లోపల థర్మోస్టాట్ తెరుచుకోవాలి, మూలమూలల్లో దాక్కున్న గాలంతా బయటికి రావాలి, అప్పుడు మూత బిగించాలి. గంట పట్టినా పట్టొచ్చు. పట్టనీ. ఇవాళ ఆమె కాచుకుని కూర్చుంది. బుడగలు ఆగగానే లోపల్నుంచి మామయ్య వస్తాడు, ఎప్పటిలాగే చెయ్యి చాపుతాడు, ఆమె మూత అందిస్తుంది, ఆయన బొటనవేలితో దాని స్ప్రింగు నొక్కి చూసి బాగుందో పోయిందో తీర్పు చెప్తాడు. సరిగ్గా ఆ వేళకి ఈ కారు ఓనరు, టాక్సీల ఆయన వస్తాడు, పక్క టైర్ల షాపతను ఎలాగూ ఉండనే ఉంటాడు. ఆ మూత పాడైపోయిందని ఆమెకి తెలుసు. మామయ్య వేలికి ఆ సంగతి తెలియదని కూడా తెలుసు. నలుగురి ముందూ ఆయన బాగుందంటాడు, అప్పుడు ఆమె బెంచీ కింద గుడ్డలో చుట్టి దాచిన మీటరు బయటికి తీస్తుంది. అంతే, చాలా చిన్న పని. స్టిక్కరు కూడా ఊడని కొత్త మూత చొక్కా జేబులోనే ఉంది. అది తర్వాత.

పొద్దున విప్పిన నీళ్ళ పంపు కాళ్ళ దగ్గర పళ్ళెంలో పడి ఉంది. దాని రెక్కలు చెద తిన్న చెక్కలా గుంటలు గుంటలుగా, అంచులు కరిగి, వేలు పెడితే గరగరలాడుతూ ఉన్నాయి. ఇలాంటిది మొట్టమొదటిసారి చూసినప్పుడు ఆమె తుప్పు అంది. తుప్పు కాదే పిచ్చి మొహమా అన్నాడు మామయ్య, తుప్పు పైన పేరుకుంటుంది, ఇది లోపలికి తొలిచింది, కళ్ళు పెట్టి చూడు. ఆ తిట్టుతో పాటే పాఠం కూడా చెప్పాడు, తిట్టకుండా చెప్పడం ఆయనకి రాదు. పంపు నీళ్ళు లాక్కునే వైపు ఒత్తిడి పడిపోతుంది. పడిపోయిన చోట నీళ్ళు అంత వేడెక్కకుండానే మరుగుతాయి. మరిగి బుడగవుతాయి, ఆ బుడగ రెక్క దాటి ఒత్తిడున్న చోటికి రాగానే చితికిపోతుంది, చితికినప్పుడల్లా ఇనుము మీద ఒక సూదిపోటు. ఒక్క పోటుకి ఇనుముకేం కాదు. కానీ క్షణానికి వేలు పడతాయి, ఎంతకని ఓర్చుకుంటుంది? పుస్తకాల్లో దాన్ని కేవిటేషన్ అంటారట, మామయ్య చెద అంటాడు. చెద రాకుండా ఉండాలంటే కుళాయి నీళ్ళు పోయకూడదు, మంచి కూలెంట్ పోయాలి, నిండా పోయాలి, గాలి మిగలకూడదు, కింది హోస్ లోపల స్ప్రింగు ఉండాలి, లేకపోతే లాగినప్పుడు పైపు అణిగిపోయి పంపుకి నీళ్ళందవు. ఇవన్నీ ఒక ఎత్తు, మూత ఒక ఎత్తు. మూత ఒత్తిడి పట్టి ఉంచినంతసేపూ నీళ్ళకి మరిగే దమ్ముండదు. మూతలో స్ప్రింగు చచ్చిందా, నువ్వు ఎంత మంచి పంపు బిగించినా అది చెదకి మేతే. ఎంత బాగా చెప్పాడో. ఆ రోజు అన్నం తింటూ కూడా ఆమె ఆ బుడగల గురించే ఆలోచించింది. ఆ ఇంట్లో ఆమె మీద పడే పోట్లు క్షణానికి వేలేం కాదు, రోజుకి నాలుగైదే.

గరాటులో మట్టం వేలెడు తగ్గింది. ఇంకాస్త పోసింది. పైపు గోరువెచ్చగా ఉంది, థర్మోస్టాట్ ఇంకా తెరుచుకోలేదు. పెళ్ళయిన కొత్తలో ఈ షెడ్డులోకి మామయ్యకి క్యారేజీ ఇవ్వడానికి వచ్చేది. వచ్చి నిలబడేది. నిలబడి చూసేది. ఆయన కొడుక్కి గ్రీజు వాసనంటే వాంతి, బ్యాంకులో చేరి బతికిపోయాడు. ఈవిడ మాత్రం ఒకరోజు బోల్టు జారి పడితే తీసి ఇచ్చింది, మర్నాడు స్పానరు అందించింది, ఇంకో నెలకి కారు కింద పడుకుంది. చుట్టాలు మూతులు తిప్పుకున్నారు. ఆడపిల్ల చేతికి ఆ మసేమిటి, ఇంటి పరువేం కాను అని ఒక పెత్తల్లి వచ్చి కూర్చుంటే, మా ఇంటి పరువు మీ చీర కొంగున కట్టలేదు, లేవండి అని మామయ్య ఆవిణ్ణి గుమ్మం దాకా సాగనంపి వచ్చాడు. ఆ ఒక్కటీ చేశాడు. ఆ ఒక్కటీ చెయ్యకుండా ఉంటే ఎంత హాయిగా ఉండేది, ఇవాళ ఏ పీకులాటా ఉండేది కాదు. దాని తర్వాత మళ్ళీ ఒక్క మంచి మాట లేదు. బాగా చేస్తే మాట్లాడడు. తప్పు చేస్తే వీధంతా వినేలా చెప్తాడు. రాత్రి మొగుడితో చెప్పుకుంటే, నాన్న అంతే, పట్టించుకోకు అని అటు తిరిగి గురక పెట్టేవాడు. పట్టించుకోకుండా ఉండడానికి ఆమె ఏమైనా బ్యాంకులో ఉందా?

అప్పట్లో ఆ వేలు నిజంగానే గొప్పది. దూరం నుంచి కూడా మూతలు పట్టుకొచ్చేవాళ్ళు. ఆయన నొక్కి, కళ్ళు మూసుకుని, పదమూడు పౌన్ల ఒత్తిడి అనేవాడు, ఉండాల్సింది పదిహేను, మార్చెయ్ అనేవాడు, మార్చేవాళ్ళు, అంతే. ఆ వేలు చెప్పకుండా ఈ షెడ్డులో ఒక్క మూత బిగించడానికి వీల్లేదు. పాత మూతల్లో బాగున్నవి ఒక డబ్బాలో వేసి దాచేవాడు, వాటికీ ఆ వేలే సర్టిఫికెట్. ఆమె కూడా నేర్చుకుంది. ఆయనకి అందించే ముందు తనూ ఒకసారి నొక్కి చూసుకునేది, ఆయనేమంటాడో మనసులో అనుకునేది, ఆయన కూడా అదే అంటే లోపల గంతులేసేది. ఎవరికీ చెప్పేది కాదు.

ఈ టాక్సీకి మొదటి పంపు పోయినప్పుడు ఆమెకేం అనుమానం రాలేదు. రెండోది పోయినప్పుడు వచ్చింది, కానీ అది తన వేలి మీద వచ్చింది. నొక్కితే మెత్తగా ఉందే, నాకే సరిగ్గా తెలియడం లేదేమో, మామయ్య బాగుందన్నాడు కదా. మూడోది బిగించిన నెలకే కారు మళ్ళీ వచ్చి గులకరాళ్ళు నమిలినట్టు చప్పుడు చేస్తూ షెడ్డు ముందు నిలబడింది. ఏం మేస్త్రిగారూ, మీ చేతిలో ఏదో దోషం ఉన్నట్టుందే అన్నాడు టాక్సీల ఆయన. మామయ్య తడుముకోలేదు. నా చేతిలో కాదు, మా కోడలు గాలి తియ్యకుండా బిగించేసింది, ఆడచెయ్యి కదా, ఓపిక తక్కువ అన్నాడు. అనేసి ఊరుకున్నా బాగుండేది. ఏమ్మా, నోట్లో నాలుక లేదా, ఆయనకి సారీ చెప్పు అన్నాడు. టైర్ల షాపతను పని ఆపి మరీ చూస్తున్నాడు. ఆమె సారీ చెప్పింది. గంటన్నర గరాటు ముందు కూర్చుని ఆఖరి బుడగ దాకా తీసిన మనిషి, గాలి వదిలేశానని సారీ చెప్పింది. తల కొట్టేసినట్టయింది. ఆ రోజునుంచి ఆమె ముఖం మూసేసుకుంది. మూత అందించేటప్పుడు నవ్వదు, కనుబొమ ఎత్తదు, పెదవి కదపదు. మామయ్యకి రాయినైనా చూపిస్తాను గానీ నన్ను చూపించను అనుకుంది.

ఆ తర్వాతే సైలెన్సర్ గొట్టం సంగతి. అప్పుడే ఆపిన ఇంజిన్, గొట్టం కాలిపోతోంది, మామయ్య వంగి బొటనవేలు దానికి ఆనించి పక్క బోల్టు వెతుకుతున్నాడు. వెతుకుతూనే ఉన్నాడు. ఆమెకి మొదట వాసన వచ్చింది. మాంసం మాడిన వాసన. ఆయనకి వాసన కూడా ఆలస్యంగానే తగిలింది, చటుక్కున చెయ్యి తీసి, చుట్టూ చూసి, ఎవరూ చూడలేదనుకుని వేలు జేబులో పెట్టుకున్నాడు. ఆమె వ్యాను కింద పడుకుని ఉంది. అంతా చూసింది. షుగరో, వయసో, ఇన్నేళ్ళ వేడో, ఏదైతేనేం, ఆ వేలు చచ్చిపోయింది. అయ్యో అనిపించాలి కదా? అనిపించలేదు. దొంగకి తాళం చెవి దొరికినట్టయింది. ఆ వారమే ఊళ్ళో ఇంకో వైపున్న షాపుకెళ్ళి మూతలు పరీక్షించే మీటరు కొని గుడ్డలో చుట్టి తెచ్చుకుంది. చేతి పంపుతో గాలి కొడితే మూత ఎంత ఒత్తిడి పట్టుకుంటుందో ముల్లు చెప్తుంది, ముల్లుకి వయసు రాదు. నాలుగో పంపు కోసం ఆ టాక్సీ ఇంకా షెడ్డులోనే ఉంది, మామయ్య మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు దాని మూత పెట్టి చూసింది. ముల్లు అయిదు దగ్గర కూడా నిలబడలేదు. అప్పుడే చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. అదే మూత బిగించి పంపింది. ఈసారి పోతే నలుగురి ముందూ పోనీ అనుకుంది.

పోయింది. ఎత్తు రోడ్డు మీద ఆవిర్లు కక్కుతూ ఆగిపోయింది. కంగారులో డ్రైవరు ఆ మూతే విప్పబోయాడు, మరిగిన నీళ్ళు ముంజేతి మీద పడ్డాయి, మోచేతి దాకా తోలు ఊడింది. పాతికేళ్ళు ఉంటాయేమో అతనికి, కట్టు కట్టుకుని వచ్చి మొన్న ఇక్కడే నిలబడ్డాడు, ఎవరినీ ఏమీ అనలేదు. వేడిమీద మూత విప్పొద్దని ఎన్నిసార్లు చెప్పాం, తప్పు వాడిదే అనుకుంది ఆమె. తప్పు వాడిదే. చెప్పని మనిషిది ఎలా అవుతుంది? ఆ కట్టు వైపు మాత్రం రెండోసారి చూడలేకపోయింది.

ధబ్బుమని గరాటులో మట్టం పడిపోయింది. థర్మోస్టాట్ తెరుచుకుంది. ఆమె గబగబా కూలెంట్ పోసింది, పెద్ద పెద్ద బుడగలు గుంపుగా వచ్చాయి, తర్వాత చిన్నవి, తర్వాత ఆవగింజంతవి. పైపు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. జేబులో కొత్త మూత పక్కటెముకకి గట్టిగా తగులుతోంది. ఇప్పుడైనా ఇది తీసి బిగించెయ్యొచ్చు. మామయ్యకి కొత్తదే అందించొచ్చు, ఆయన బాగుందంటాడు, నిజంగానే బాగుంటుంది, కారు బాగుంటుంది, ఎవరి తోలూ ఊడదు. రేపట్నుంచి మీటరు చాటుగా వాడుకుంటూ ఆయన వేలిని అలా బతికించెయ్యొచ్చు, ఎంతమంది ఇళ్ళల్లో ఎన్ని బతికించడం లేదు? ఆలోచన మంచిదే. కానీ అప్పుడు గాలి వదిలేసిన ఆడచెయ్యి ఎవరిది? ఆ సారీ ఎవరు వెనక్కిస్తారు? ఆవగింజంత బుడగ ఒకటి వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత కూలెంట్ కదలకుండా, నున్నగా, తన ముఖం కనిపించేలా నిలిచిపోయింది. ఆమె జేబు మీంచి చెయ్యి తీసేసింది.

టాక్సీల ఆయన చెప్పిన వేళకే వచ్చాడు, వెంట ఇద్దరు డ్రైవర్లు. "ఏం చెల్లెమ్మా, ఈసారైనా గాలి తీశావా?" అన్నాడు నవ్వుతూ. టైర్ల షాపతను చేతులు తుడుచుకుంటూ తనంతట తనే వచ్చి నిలబడ్డాడు. ఈసారి కూడా పోతే తన కార్లన్నీ వేరే షెడ్డుకి పంపుతానని టాక్సీల ఆయన ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి మామయ్య ఇవాళ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వచ్చి చెయ్యి చాపాడు. ఆమె పాత మూత ఆ చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలు స్ప్రింగు మీద ఆనించి నొక్కాడు. వేలి కొన మీద కాలిన మచ్చ నల్లగా, గట్టిగా, నాణెంలా ఉంది. ఆమె ఆ వేలినే చూస్తూ, ఎందుకో తలెత్తింది. ఆయన కళ్ళు మూత మీద లేవు. మూసుకునీ లేవు. ఆమె ముఖం మీద ఉన్నాయి.

అప్పుడు తెలిసింది. వేలు చచ్చిపోయిన దగ్గర్నుంచీ ఈయన మూతని చూడడం లేదు, నన్ను చూస్తున్నాడు. నేను ముందే నొక్కి చూస్తానని ఈయనకి తెలుసు, ఎప్పట్నుంచో తెలుసు. మూత పోయి ఉంటే నా కనుబొమ ఎక్కడో ముడిపడేదేమో, అది చూసి పోయింది అనేవాడు. బాగుంటే నా ముఖం తేటగా ఉండేదేమో. మిగతా కార్లన్నీ అలాగే గడిచిపోయాయన్నమాట. ఈ కారు దగ్గర, మొదట నా మీద నాకే అనుమానమొచ్చి గమ్మున ఉండిపోయాను, తర్వాత రాయిలా ముఖం పెట్టాను, అది చూసి బాగుందనుకున్నాడు, నా కోడలు బాగుందంటే బాగున్నట్టే, అయినా పంపు పోయిందంటే గాలి వదిలేసి ఉంటుంది అనుకున్నాడు. వేలు పోయాక ఆయనకి మిగిలిన మీటరు నేనే. నోరు తెరిచి ఒక్క మంచి మాట అనని మనిషి బతుకంతా నా ముఖం మీద పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇదంతా ఒక్క క్షణంలో ఆమె గుండెలోంచి దూసుకుపోయింది. ఒక్క కనుబొమ. ఒక్క కనుబొమ కదిపితే చాలు, ఆయన పోయింది అంటాడు, మూత మార్చేస్తారు, అంతా సర్దుకుంటుంది. కళ్ళల్లో నీళ్ళు తిరగబోయాయి. వాటిని మింగింది. మింగి, నుదురు తేటగా చేసుకుని, చాలా రోజుల తర్వాత మామయ్య కోసం కొద్దిగా, అవునన్నట్టు, తల ఊపింది.

మామయ్య ముఖం విప్పారింది. "రాయిలా ఉంది, బిగించమ్మా" అన్నాడు, అందరికీ వినపడేలా.

ఆమె వంగి బెంచీ కిందనుంచి గుడ్డ మూట తీసింది. మీటరుకి మూత బిగించి, నాలుగుసార్లు గాలి కొట్టి, టాక్సీల ఆయన ముక్కు కిందకి తీసుకెళ్ళి పెట్టింది. ముల్లు లేచింది, ఊగింది, నిలబడకుండా కిందికి జారిపోయింది. "ఇదా మేస్త్రిగారూ మీ రాయి?" అన్నాడు టాక్సీల ఆయన, "నాలుగు పంపులు మింగింది కదయ్యా ఇది!" అతనికి కోపం కంటే సరదా ఎక్కువైంది. ఆమె జేబులోంచి కొత్త మూత తీసేసరికి, "ఆగు చెల్లెమ్మా, ఇది కూడా ముందు పెద్దాయన్నే చూడనీ, తర్వాత నీ ముల్లుతో చూద్దాం" అని లాక్కుని మామయ్య చేతిలో పెట్టాడు. మామయ్య వద్దనొచ్చు. విసిరికొట్టి లోపలికి పోవచ్చు. ఆయన ఆ పని చెయ్యలేదు, బొటనవేలు మళ్ళీ ఆనించాడు. నొక్కాడు. మళ్ళీ ఆమె వైపు చూశాడు, కానీ ఇందాకటి చూపు కాదు, అడుగుతున్న చూపు. ఆమెకి అది అర్థమైంది. అర్థమైనట్టు ఆయనకి కూడా అర్థమైంది. ఆమె ఆ ముఖాన్ని అలాగే, గోడలా, ఆయన ముందు పెట్టి ఉంచింది.

"పోయింది" అన్నాడు మామయ్య.

స్టిక్కరు కూడా ఊడని మూత. ఆమె దాన్ని మీటరుకి బిగించి గాలి కొడితే ముల్లు పదిహేను దగ్గర నిలబడి కదలనంది. డ్రైవర్లలో ఒకడు ముందు నవ్వాడు, వాడి తర్వాత టైర్ల షాపతను, ఆ తర్వాత ఇక ఎవరూ ఆపుకోలేదు. మామయ్య గుడ్డతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె గరాటు తీసి, కొత్త మూత బిగించి, ఇంజిన్ రేజ్ చేసింది. గులకరాళ్ళ చప్పుడు లేదు, పంపు నూనె పూసినట్టు తిరుగుతోంది. రేపట్నుంచి కార్లన్నీ నీ దగ్గరికే తల్లీ, మేస్త్రివి నువ్వే అన్నాడు టాక్సీల ఆయన వెళ్తూ వెళ్తూ, వీధంతా వినేలా. ఆమెకి చాలా సంతోషంగా ఉంది. సిగ్గు వస్తుందేమో అని కాసేపు చూసింది, రాలేదు, సంతోషమే ఉంది, అది కూడా భయంకరమైనంత ఉంది. స్టవ్ మీద గిన్నె పెట్టింది, టీ మరిగించింది, రెండు గ్లాసుల్లో పోసింది.

మామయ్య లోపల బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. బొటనవేలిని బల్ల అంచుకి నొక్కి పెట్టి, గోరు తెల్లబడే దాకా నొక్కి, దానివంకే చూస్తున్నాడు. ఆమె వచ్చినట్టు ఆయనకి తెలియలేదు.

"మామయ్యా, టీ తాగుతారా?"

ఆయన తలెత్తాడు. గ్లాసు వైపు చూడలేదు. నిజంగానే అడిగిందా, దీని వెనక కూడా ఏదైనా ఉందా అని, ఆమె ముఖంలోకి చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.